పెళ్ళిళ్ళ లాప్‌టాప్‌కు వేగం వచ్చిన రోజు

ఆ ఆదివారం పొద్దున్నే, చూలైలోని తన ఇంట్లో కామరాజు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాడు. మనలి ఫ్యాక్టరీలో రిటైరయ్యాక భార్యకు ఏదైనా మేలు చేయాలని ఆయన కోరిక. భార్య వసంతలక్ష్మి పెళ్ళి సంబంధాలు కుదురుస్తుంది. జాతకాలన్నీ ఆమె లాప్‌టాప్‌లో ఉంటాయి. అది ముసలిదైపోయింది. మీట నొక్కితే అది లేచేలోపు వచ్చినవాళ్ళు కాఫీ తాగి, మురుకులు నమిలి, ఇంటి సంగతులన్నీ చెప్పుకునేవారు. వసంత ఎంత ఇబ్బంది పడుతోందో అని కామరాజు మనసు కలుక్కుమనేది. అందుకే పాత హార్డ్ డిస్క్‌లోని సరుకంతా ముందురోజే కొట్లో వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ అనే కొత్త డిస్కులోకి ఎక్కించుకొచ్చాడు. ఇప్పుడు అడుగు మూత విప్పి, పాతది తీసి కొత్తది బిగించాడు. భార్యకు చెప్పలేదు. ఆమే చూసి మురిసిపోవాలి.

కాసేపటికి అబ్బాయి తల్లి శారదాంబ, అమ్మాయి తండ్రి యతిరాజులు వచ్చారు. శారదాంబకు జాతకాల పట్టింపు ఎక్కువ. యతిరాజులు చాలా సంబంధాలు తప్పిపోయి దిగులుగా ఉన్నాడు.

"ఇది తెరుచుకునేలోపల కాఫీ తెస్తా," అని వసంతలక్ష్మి మీట నొక్కి లేచింది. ఆమె వంటింటి గడప దాటకముందే తెర వెలిగింది. కామరాజు ఉత్సాహంగా అబ్బాయి పేరూ అమ్మాయి పేరూ నొక్కాడు. ఎర్రటి అక్షరాలు వచ్చాయి: పొంతన లేదు.

"ఇంక ఈడ కూచోని ఏం జేసేది?" శారదాంబ చేతిసంచి అందుకుంది. యతిరాజులు తల దించుకున్నాడు.

కాఫీ పళ్ళెంతో వచ్చిన వసంతలక్ష్మి కొయ్యబారిపోయింది. "అంత సీక్రంగా ఎట్ట తెరుచుకునింది? ఏదో రిపేరై ఉండాది. అది చెప్పేది నమ్మబాకండమ్మా," అంటూ మొగుడికి కళ్ళతో సైగ చేసింది.

అది మెచ్చుకోలనుకున్నాడు కామరాజు. "రిపేరా? నేనే కొత్త డిస్కు వేసినా! చూడండి," అని ఆపి, మళ్ళీ తెరిచాడు. మళ్ళీ అవే అక్షరాలు.

"మీరు లోపలేందో మార్చినారు గదా, దాంతోనే లెక్క తప్పతా ఉంది!" అంది వసంతలక్ష్మి.

"తప్పేదే లే! పాతదాన్నే వేసి చూపిస్తా, అదీ ఇదే చెప్తాది!"

శారదాంబకు అనుమానం వచ్చింది. "సరి, నిజమేందో చూసే పోతా," అని మళ్ళీ కూర్చుంది.

కామరాజు లాప్‌టాప్‌ను వంటింట్లోకి తీసుకుపోయి మూత విప్పాడు. వెనకే వచ్చిన వసంతలక్ష్మి గొంతు తగ్గించి అంది: "ఇన్నాళ్ళూ నేను జాతకాలతోనా పెళ్ళిళ్ళు చేసింది? అది తెరుచుకునేలోపల వాళ్ళు మాట్లాడుకుంటారయ్యా. దాంతోనే!"

కామరాజు గబుక్కున ఆమెవైపు తిరిగేసరికి చేతిలోని స్క్రూ జారి బియ్యం డబ్బాలో పడింది. మొగుడూపెళ్ళాలిద్దరూ నేలమీద కూర్చుని బియ్యం చేటలో పోసి వెతకసాగారు. మేలు చేయబోయి ఒక ఆడపిల్ల పెళ్ళి చెడగొట్టానే అని ఆయన కళ్ళు చెమర్చాయి.

ఇంతలో హాల్లోంచి యతిరాజులు గొంతు వినిపించింది. "మా పాప రాయపురం ఆస్పత్రిలో నర్సమ్మా. నైట్ డ్యూటీ పిల్ల వద్దంటా ఉండారు అందరూ."

"అయ్యో! మావోడికీ రాత్రి షిఫ్టేనండీ. వాణ్ణి ఎవురు జేసుకుంటారని నాకు నిద్రే పట్టదు."

స్క్రూ దొరికింది. పాత డిస్కు బిగించి, కామరాజు ఉరిశిక్ష పడ్డవాడిలా లాప్‌టాప్ తెచ్చి బల్లమీద పెట్టాడు. అది ఆపసోపాలు పడుతూ తెరుచుకుంది. పొంతన లేదు.

శారదాంబ అటు తిరిగి కూడా చూడలేదు. "దానికేం తెలుసన్నా, మూసెయ్యండి. వసంతమ్మా, తాంబూలాలు ఎప్పుడు మార్చుకుందాం?"

మరుసటి ఆదివారం మరో రెండు కుటుంబాలు వచ్చి కూర్చోగానే, వసంతలక్ష్మి లాప్‌టాప్‌ను వంటింట్లో పెట్టి, మొగుడి చేతికి స్క్రూడ్రైవర్ అందించింది.