టీచరమ్మ గారి మూగ మొగుడు

కాపురం పదికాలాలు నిలబడాలంటే ఏం చెయ్యాలి? సర్దుకుపోవాలంటారు, ఓపిక పట్టాలంటారు. అవన్నీ పాతకాలం చిట్కాలు. నా మాట వినండి. మీ ఆవిడను పరాయి దేశంలో ఇంగ్లీషు టీచరుగా చేర్పించండి! ఆ తర్వాత మీ ఇద్దరి మధ్యా గొడవంటూ వస్తే నన్నడగండి. అసలు మాటే లేనప్పుడు మాటా మాటా పెరగడమెక్కడిది?

ఊహించి రాస్తున్నాననుకోకండి. పదకొండు నెలల అనుభవం మీద చెబుతున్నాను.

నేను ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. ఆ తర్వాత ముప్పై ఏళ్లు మోటార్ వైండింగ్ షాపు నడిపాను. కాలిన మోటారును వాసన చూసి, దాన్ని బాగుచెయ్యొచ్చో పారెయ్యాలో చెప్పగలను. మా ఆవిడ ఎమ్మే ఇంగ్లీషు. చదివించిందెవరనుకున్నారు? నేనే! షాపు వెనక గదిలో, రాగి తీగ చుట్టల మధ్య కూర్చుని చదివింది. చదువు ఊరికే పోతుందా? విదేశం నుంచి పిలుపు తెచ్చింది. నేను షాపు షట్టరు దించి, రెండు సూట్‌కేసులు మోసుకుంటూ వెనకాల నడిచాను.

ఈ దేశంలో నా హోదా ఏమిటో తెలుసా? డిపెండెంటు! ఫొటోతో సహా కార్డు అచ్చువేసి ఇచ్చారు. అంటే భార్య మీద ఆధారపడి బతికేవాడని అర్థం. నేను పని చెయ్యకూడదు. చేస్తే నేరం. మన దగ్గర పనీపాటా లేని మొగుణ్ణి వీధి వీధంతా తిట్టిపోస్తుంది. ఇక్కడ ప్రభుత్వమే కార్డు ఇచ్చి మరీ కూర్చోబెడుతుంది. ఇంతకన్నా మర్యాద ఎక్కడుంది చెప్పండి?

మా బావమరిది వారానికోసారి ఫోన్ చేసి కుళ్లుకుంటాడు. "బావా, నీ పనే హాయి! అక్క కష్టపడుతుంటే నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చున్నావు."

"నేను కూర్చోలేదురా, కూర్చోబెట్టారు."

"ఎలా కూర్చుంటేనేం, కుర్చీ ఉందిగా!" అంటాడు వెధవ.

ఇక అసలు సంగతికొస్తాను. మా ఆవిడ పనిచేసేది పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో. కింద క్లాసులు, పైన మా రెండు గదులు. గేటు పక్క గోడ మీద మా ఆవిడ ఫొటో నిలువెత్తున అంటించారు. దాని కింద ఏదో రాసి ఉంది. చదివి చెప్పమంటే నసిగింది. రెండు రోజులు వెంటపడితే అప్పుడు చెప్పింది. "మా టీచరుకు పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు" అని రాశారట!

అలాంటి టీచరైతేనే జనం చేరతారట. అంటే మా ఆవిడ ఉయ్యాల్లో కూడా ఇంగ్లీషులోనే ఏడ్చిందని ఊరంతా నమ్మాలన్నమాట. నమ్మించే బాధ్యత మేనేజరుది. మెడలో ఎప్పుడూ ఈల వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి నేను ఆయనకు ఈల మేనేజరని పేరు పెట్టుకున్నాను. పైకి అనే యోగం లేదనుకోండి.

ఆరు రోజులు క్లాసులు. ఆదివారం ఔటింగ్! టీచరు విద్యార్థులతో కలిసి ఊరు తిరుగుతూ ఇంగ్లీషు మాట్లాడాలి. టీచరు కుటుంబం కూడా తప్పకుండా రావాలి, ఫొటోల్లో నిండుగా ఉంటుందని. కుటుంబమంటే ఎవరు? నేను.

మొదటి ఆదివారం మ్యూజియానికి తీసుకెళ్లారు. నున్నటి రాతి నేల. నడుస్తుంటే నా చెప్పు ఫట్‌మని తెగింది. నాకేం తెలుసు? అలవాటుకొద్దీ హాలంతా మారుమోగేలా కేకేశాను. "ఒసేయ్, నా చెప్పు తెగిందే! పిన్నీసుందా?"

ఆవిడా అలవాటుకొద్దీ, "ఉంది, ఆగండి, అక్కడే నిలబడండి!" అంది.

ఇరవై తలలు ఒక్కసారి తిరిగాయి. ఇంకో భాషే రాని టీచరు నోట ఆ చప్పుడేమిటి? ఈల మోగింది. మేనేజరు అందరినీ ఓ మూలకు పోగేసి, మొహం వేలాడేసుకుని ఏదో చెప్పాడు. వింటున్నవాళ్ల కళ్లలో నీళ్లు. ఏం చెప్పాడో ఇంటికొచ్చాక మా ఆవిడ చెప్పింది. టీచరు గారి భర్తకు పాపం ఏదో గొంతు జబ్బట. నోరు తెరిస్తే అలాంటి శబ్దాలొస్తాయట. ఆయన మనసు కష్టపెట్టకూడదని టీచరు కూడా అప్పుడప్పుడూ అలాగే శబ్దాలు చేసి ఓదారుస్తుందట!

చూశారా? మనం తరతరాలుగా మాట్లాడుతున్న తెలుగు ఆ మ్యూజియంలో ఒక రోగం! మందు కూడా మేనేజరే రాశాడు. ఆదివారాల్లో నేను నోరు తెరవకూడదు. తెరిస్తే మా ఆవిడ ఉద్యోగం ఊడుతుంది.

దాంతో నాకు పట్టిన అదృష్టం అంతా ఇంతా కాదు. క్లాసులో ఒక పళ్ల డాక్టరున్నాడు. మంచివాడు. జూలో కోతుల బోను ముందు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, నోరు తెరిపించి, టార్చి వేసి చూశాడు. గొంతులో ఏమీ కనబడలేదు కానీ రెండు పుచ్చు పళ్లు దొరికాయి. మర్నాడే పిలిచి నింపేశాడు. తెలుగు మాట్లాడిన పుణ్యానికి పళ్లు బాగుపడ్డవాడు మన జాతిలో ఇంకెవరైనా ఉన్నారా?

రిటైరైన నర్సు ఒకావిడ ఉంది. కనబడ్డప్పుడల్లా దగ్గు బిళ్లలు నా జేబులో కుక్కుతుంది. ఆవిడ ఎదురుగా ఒకటి నోట్లో వేసుకుని, గొంతు కొంచెం తేలికపడినట్టు మొహం పెట్టాలి. లేకపోతే ఊరుకోదు. పదకొండు నెలల్లో నేను తిన్నన్ని దగ్గు బిళ్లలు ఏ క్షయరోగీ తిని ఉండడు.

బ్యాంకు గుమాస్తా కథ వేరు. బస్సులో పట్టుబట్టి నా పక్కనే కూర్చుని, గంటసేపు తన జీవితమంతా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకుంటాడు. నాకు ముక్క అర్థం కాదు. తల ఊపుతాను. చివర్లో నన్ను కౌగిలించుకుని ఏడుస్తాడు. తనను ఇంతగా అర్థం చేసుకున్న మనిషి లేడని మా ఆవిడతో అన్నాడట!

ఔటింగులంటే పార్కులూ కొండలూ అనుకుంటున్నారేమో. సూపర్ మార్కెట్టు కూడా విహార స్థలమే! టొమాటోల ముందు పావుగంట నిలబడి వాటి గురించి చర్చిస్తారు. ఇంట్లో ఉల్లిపాయలు నిండుకున్నాయని మా ఆవిడకు గుర్తుచెయ్యాలి. ఎలా? ఒక ఉల్లిపాయ పైకెత్తి, ఖాళీ బుట్ట తిరగేసి, రెండు చేతులూ ఊపాను. విద్యార్థులు చప్పట్లు కొట్టి ఫొటోలు తీసుకున్నారు. మా ఆవిడ మెచ్చుకోలుగా నవ్వి ముందుకెళ్లిపోయింది. ఉల్లిపాయలు మాత్రం కొనలేదు.

మరి మిగతా ఆరు రోజులో? అది ఇంకా ప్రశాంతం. పొద్దున ఏడింటికి మొదటి బ్యాచ్. సాయంత్రం పైకి వచ్చేసరికి ఆవిడ గొంతు గిన్నె గీకినట్టుంటుంది. ఇంట్లో మాట్లాడకుండా గొంతుకు విశ్రాంతి ఇవ్వమని గొంతు డాక్టరు చెప్పాడు. వేడినీళ్లు తాగి, "ఇవాళ మాట్లాడించకండి" అని సైగ చేసి, కాగితాలు దిద్దుకుంటుంది. ఊరందరికీ మాటలు నేర్పే మనిషి, ఇంటికి సైగలు పట్టుకొస్తుంది.

మీరు అడగొచ్చు. "ఏమయ్యా, గొంతు పోయింది ఆవిడది. నీది శుభ్రంగా ఉందిగా? నువ్వు మాట్లాడొచ్చుగా?" అని. తెలివైన పాఠకులతో ఇదే చిక్కు. సరే, ఆ ముచ్చటా చెబుతాను. మూడో నెలలో ఒక రోజు ఆవిడే అంది. "రోజూ పావుగంట కూర్చోండి, నేను ఇంగ్లీషు నేర్పిస్తాను. నాలుగు ముక్కలొస్తే ఆదివారాలు మీరూ నాతో మాట్లాడొచ్చు."

"నీ ముందు పలక పట్టుకుని కూర్చునే ఖర్మ నాకింకా పట్టలేదు" అన్నాను.

ఆత్మగౌరవం ఉన్న మగాడు అనాల్సిన మాటే కదా? ఆవిడ ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేను ఏ మాటా ఎత్తలేదు.

ఇలా మా కాపురం చీకూచింతా లేకుండా సాగుతుండగా, పోయిన నెలలో ఈల మేనేజరు ఒక కాగితం ఇచ్చాడు. ఇంకో రెండేళ్లు ఉంటానని మా ఆవిడ సంతకం పెట్టాలి. లేదంటే వచ్చే నెలలో సామాను సర్దుకోవాలి. పది రోజులు గడువు. కాగితం ఫ్రిజ్ మీద పెట్టి, "మీరేమంటారు?" అంది ఆ గీకుడు గొంతుతో.

రెండేళ్లు! ఆలోచించి చెబుతానన్నాను. సోమవారం ఆవిడ కాగితాలు దిద్దుతోంది. మంగళవారం కుర్చీలోనే నిద్రపోయింది. గురువారం నేను గొంతు సవరించుకునేసరికి ఆవిడకు పళ్ల డాక్టరు ఫోన్, ఇంగ్లీషు ప్రాక్టీసుకని. శనివారం ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నేను టీవీ చూస్తున్నాను. అర్థం కాని భాషలో వాతావరణ వార్తలు, చాలా శ్రద్ధగా.

"రేపు కాగితం ఇచ్చెయ్యాలి" అంది.

"రేపు సంగతి రేపు చూద్దాం" అన్నాను.

మర్నాడు ఔటింగ్ ఒక చెరువు దగ్గర. కాళ్లతో తొక్కే పడవలు. ఒక్కో పడవలో ఇద్దరు. టీచరు పక్కన ఎవరు ఎంతసేపు కూర్చోవాలో మేనేజరు లిస్టు రాసుకొచ్చాడు. లిస్టులో నా పేరెందుకుంటుంది? నాకు నర్సమ్మను జత చేశారు, దగ్గు బిళ్లల డబ్బాతో సహా.

ఏం బుద్ధి పుట్టిందో ఏమో నాకు, బ్యాంకు గుమాస్తా ఎక్కబోతున్న పడవలోకి అతన్ని పక్కకు నెట్టి దూకాను. మా ఆవిడ అప్పటికే అందులో కూర్చుని ఉంది. దబదబా తొక్కడం మొదలెట్టాను.

"ఏంటండీ ఇది? పిచ్చిగానీ పట్టిందా?" అంది తెలుగులో, ఒడ్డు దాటగానే.

"తొక్కు!" అన్నాను.

వెనక ఈల మోగింది. విద్యార్థులు అది పందెం అనుకుని, కేకలేస్తూ పడవలెక్కి మా వెంటపడ్డారు. ముప్పై ఏళ్లు మోటార్లతో కుస్తీ పట్టిన కాళ్లు నావి. నడి చెరువులోకొచ్చేసరికి వాళ్లందరూ దూరంగా చుక్కల్లా ఉన్నారు. ఆవిడ తొక్కడం ఆపింది. రొప్పుతూ నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

"సరే, ఇక్కడ ఎవరూ లేరు. ఇప్పుడు చెప్పండి. సంతకం పెట్టనా, వద్దా?"

పాఠకులారా, పదకొండు నెలల మాటలు గొంతుదాకా నిండి ఉన్నాయి. వినే మనిషి పక్కనే ఉంది. నేనేమన్నానో తెలుసా?

"నన్నడుగుతావేం? చదువుకున్నదానివి, సంపాదించేదానివి. నేను డిపెండెంటుగాణ్ణి. నీ ఇష్టం!"

"అంతేనా?" అంది.

"అంతే."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఇంకేమైనా చెప్పాలని ఉందా?" అంది.

"ఏముంటుంది?" అన్నాను.

పళ్ల డాక్టరు పడవ వచ్చి ధన్‌మని మాకు గుద్దుకుంది. "టీచర్! విన్నర్! విన్నర్!" అని అరుస్తున్నాడు. ఆవిడ అటు తిరిగి ఇంగ్లీషులో నవ్వింది. ఒడ్డుకొచ్చాక, చేతులు తుడుచుకుని, బ్యాగులోంచి కాగితం తీసి, నిలబడే సంతకం పెట్టి మేనేజరుకిచ్చేసింది. నర్సమ్మ నా నోట్లో బిళ్ల వేసింది.

ఈల మేనేజరు నా నోరు కట్టేశాడని ఇన్నాళ్లూ ఆడిపోసుకున్నాను. నడి చెరువులో మేనేజరు లేడు. నోరు నాదే, భాష నాదే. వచ్చింది మాత్రం అదీ! కాబట్టి నా వాదన నెగ్గినట్టే. నాలాంటి మొగుడికి మాట రానివ్వకపోవడమే మేలు. మేనేజరు నాలుగు గోడలకు సరిపడా అబద్ధాలు రాసినా, నా సంగతి మాత్రం సరిగ్గానే కనిపెట్టాడు. జబ్బు నా గొంతులోనే ఉంది.

ఓపిగ్గా చదివారు, సంతోషం. ఇక మీరు లేచి మీ పనులు చూసుకోండి. ఇది మీ కోసం రాసింది కాదు. మా ఆవిడ ఆదివారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరికీ కనబడకుండా ఫోన్‌లో ఈ పత్రిక చదువుతుంది. ఆ ఒక్క అరగంటే ఆవిడకు తెలుగు. మేనేజరు ఆ కాగితాన్ని హెడ్డాఫీసుకు పంపేది ఈ నెలాఖరున. ఇంకా టైముంది. మీరు కాస్త పక్కకు జరిగితే నేనొక మాట చెప్పుకుంటాను.

ఏమోయ్, ఉందాం. రెండేళ్లు కాకపోతే పదేళ్లుందాం. షాపు మీద బెంగ లేదు నాకు. ఆదివారం మాత్రం మనకు వదిలేస్తేనే ఉంటామని ఆ కాగితం మీద రాయించు. రాయకపోతే సామాను నేను సర్దుతాను. సాయంత్రాలు ఆ పావుగంట సంగతి కూడా... పలక నేనే కొనుక్కొస్తాలే.

ఇప్పుడు ముందు సీట్లో కూర్చుని ఉన్నావు కదా. నేను నీ వెనకాలే, గుమాస్తా పక్కన ఉన్నాను. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు. గొంతు నొప్పిగా ఉంటే ఏమీ అనక్కర్లేదు.