ఎడమ సీటు

పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంద్రమౌళి గోడ మీద ఉన్న భార్య ఫోటోకు ఉన్న దండ తీశాడు. మెత్తటి తువ్వాలతో అద్దం తుడిచి, ఫోటోను చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. ఆ రోజు వాళ్ళ పెళ్ళిరోజు. మరిపెడ దాకా పోయి, రోడ్డు పక్కన ఒక చాయ్ తాగి, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. ఆయన అనుకున్నది అంతే. మార్కెట్ నుంచి ఎవరైనా పిలుస్తారని సెల్‌ఫోన్ కూడా ఇంట్లోనే వదిలేశాడు.

ఎనుమాముల మార్కెట్లో చంద్రమౌళిది మిర్చి వ్యాపారం. ఏడాదంతా ఘాటులో బతికే మనిషికి పెళ్ళిరోజు ఒక్కటే సెలవు. ఆ రోజు భార్య భారతితో కలిసి పాత కారులో మరిపెడ పోయేవాడు. కొంచెం వేగం అందుకుంటే చాలు, ఆ కారు తలుపులు, అద్దాలు, లోపలి మనుషుల పళ్ళు అన్నీ కలిసి ఊగేవి. భారతికి అది చాలేది కాదు. "ఇంక జర జోరుగ పోనియ్యి, లారీలు సుత దాటిపోతానయ్," అనేది. చివరికి ఆవిడే షోరూముకు తీసుకుపోయి, రెప్పపాటులో వంద దాటే కారొకటి చూపించి, అందులో కూర్చుని దిగనంది. చంద్రమౌళి బుక్ చేశాడు. కారు ఇంటికి వచ్చేసరికి భారతి లేదు.

"ఇప్పటి కార్లల్ల మజా లేదు మామా, అన్ని కంప్యూటర్లే చూస్కుంటయ్," అన్నాడు అల్లుడు ఉదయ్. "ఈ వయసుల నీకంత స్పీడు బండి ఎందుకు నాన్నా, అమ్మెయ్యి," అంది కూతురు హారిక. చంద్రమౌళి కారు మీద కవరు కప్పి అట్లాగే ఉంచాడు. కవరు తీసింది మళ్ళీ ఈ రోజే.

ఫోటోను పక్క సీట్లో నిలబెట్టాడు. మందమైన అద్దం, టేకు చట్రం, మంచి బరువున్న ఫోటో. బండి కదలగానే టింగు టింగుమని మోత మొదలైంది. పక్కన కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోలేదని బండి ఫిర్యాదు. చంద్రమౌళి కాసేపు ఓర్చుకుని, ఓర్చుకోలేక ఆగి, భారతికి బెల్టు పెట్టాడు. మోత ఆగింది.

వర్ధన్నపేట దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. కాలు ఆనించాడో లేదో బండి వంద దాటింది. కానీ లోపల ఏదీ ఊగలేదు, ఏదీ మోగలేదు. గల్లా ముందు గద్దె మీద ఏసీలో కూర్చున్నట్టే ఉంది. కొంచెం గీత దగ్గరికి పోతే చాలు, స్టీరింగ్ తనంతట తానే చేతిని వెనక్కి లాగుతోంది. చిన్నప్పుడు అ ఆలు దిద్దించిన పంతులు చేయి ఇట్లాగే లాగేవాడు. నడిపేది ఎవరో తనకే అర్థం కాలేదు. భారతికి ఇది నచ్చుతోందా అని అలవాటు కొద్దీ పక్కకు చూశాడు. కళ్ళు నిండాయి.

ఆయన కళ్ళు తుడుచుకోగానే ఎదురుగా తెర మీద చిన్న కాఫీ కప్పు బొమ్మ వెలిగింది. డ్రైవరుకు నిద్ర వస్తోందని, కాసేపు ఆగమని దాని సలహా. మళ్ళీ తుడుచుకున్నాడు, మళ్ళీ కప్పు. మనిషి కళ్ళు నిద్రకే మూతపడతాయని ఆ బండికి ఎవరో నేర్పినట్టుంది. ఇట్లా కాదని కళ్ళజోడు తీసి తుడుచుకుంటుండగా, రోడ్డు అంచున మిరపకాయలు ఎండబోస్తున్న ఆడమనిషి ఒకామె చటుక్కున లేచి నిలబడింది. ఆయన కంటే ముందు బండే ఆమెను చూసింది, తానే బ్రేకు వేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. కళ్ళజోడు మాత్రం ఎగిరి ఎక్కడో సీటు కింద పడింది.

బండి పక్కకు తీసి ఆపినా ఇంకేదో మోగుతూనే ఉంది. జోడు లేక అక్షరాలు కనిపించడం లేదు. తడుముకుని తలకు పైన, బండి కప్పులో ఎర్రగా ఉన్న మీట ఒకటి నొక్కాడు. మోత ఆగి, ఒక అమ్మాయి గొంతు వినిపించింది.

"నమస్కారం సార్. మీరు అత్యవసర సహాయం కోరారు. దెబ్బలేమైనా తగిలాయా?"

"నాకేం కాలేదమ్మా. చప్పుడు బందు చేద్దామని ఒత్తిన."

"పక్క సీట్లో కూడా బెల్టు పెట్టి ఉంది సార్. ఎవరున్నారు?"

"మా ఇంటామె."

"మేడమ్ ఎలా ఉన్నారు సార్?"

దినాలైనప్పటి నుంచి ఆ మాట ఆయనను ఎవరూ అడగలేదు. చంద్రమౌళి ఫోటో వైపు చూశాడు. "మాట్లాడతలేదు," అన్నాడు.

"శ్వాస ఆడుతోందా?"

"లేదు బిడ్డా," అని ఇక ఆపుకోలేక ఏడ్చాడు.

"ధైర్యంగా ఉండండి సార్. అంబులెన్స్ పంపిస్తున్నాను. మేడమ్‌ని కదిలించకండి." ఆయన వద్దు వద్దు అంటుండగానే గొంతు మాయమైంది.

హనుమకొండలో హారిక దోసె తిప్పుతుంటే కారు కంపెనీ సహాయ కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. బండి ఆగిన చోటు చెప్పి, మీ నాన్నగారు బాగానే ఉన్నారు, ఆయన భార్యకే శ్వాస ఆడటం లేదు అన్నారు. "భార్యనా?" అంది హారిక. "అవునండీ, ఆయనే చెప్పారు." నాన్న సెల్‌కు చేస్తే ఎవరూ ఎత్తలేదు. దోసె మాడింది. పక్క వాటాలో ఉండే మేనత్త సావిత్రి ఉరికొచ్చింది.

"మనకు చెప్పకుండ చేస్కున్నడా?" అంది సావిత్రి.

"నాకేం తెలుసత్తా. ఆమె బతికేటట్టు లేదంటాండ్రు."

ఉదయ్ కారు తీశాడు. దారిలో సావిత్రి ముందు తమ్ముణ్ణి తిట్టింది. ఏడాది కూడా తిరగలేదంది, మరదలు లాంటిది కాదు భారతి, చెల్లె లాంటిదంది. వర్ధన్నపేట వచ్చేసరికి మనసు మెత్తబడింది. "పాపం, ఎవలు కన్న బిడ్డనో," అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. హారిక మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాన్న ఒంటరిగా ఉన్నాడని వారానికి ఒకసారి పోయి వంట చేసి పెట్టి వస్తే సరిపోతుందనుకుంది తను.

అక్కడ రోడ్డు మీద, మిరపకాయల మనిషి యాకమ్మ ముందు కొట్లాటకే వచ్చింది. చూస్తే పెద్దమనిషి ఏడుస్తున్నాడు, పక్క సీట్లో ఫోటోకు బెల్టు పెట్టి ఉంది. "ఎప్పుడు పోయింది సేటూ?" అని అడిగి, సీసాలో నీళ్ళిచ్చింది. తెల్లారక ముందు నుంచి వంగి వంగి ఉన్న నడుము కావడంతో, కారు పక్కనే వేపచెట్టు నీడలో మొహం మీద కొంగు కప్పుకుని ఒరిగింది. చంద్రమౌళి సీటు కింద తల పెట్టి కళ్ళజోడు వెతుకుతున్నాడు.

అంబులెన్స్ వాళ్ళు దిగేసరికి కనిపించింది అదే. కారు పక్కన కదలకుండా పడి ఉన్న ఆడమనిషి. ఒక్క మాట లేకుండా స్ట్రెచర్ మీదికి ఎత్తారు. సరిగ్గా అప్పుడే ఉదయ్ కారు వచ్చి ఆగింది. మట్టి పాదాలు, కారం అంటిన చేతులు చూసి సావిత్రి అక్కడే నిలబడిపోయింది.

"ఈమెనా తమ్ముడా," అంది.

యాకమ్మ కొంగు తీసి లేచి కూర్చుంది. "ఏందిరా, ఎటు గుంజుకపోతాండ్రు నన్ను? నా మిరపకాయలు ఎవలు చూస్తరు?"

స్ట్రెచర్ వాళ్ళ చేతుల్లో ఊగింది. సావిత్రి దగ్గరికి పోయి ఎంతో మర్యాదగా అడిగింది. "అమ్మా, మా తమ్మున్ని ఎప్పుడు చేస్కున్నవ్?"

"నీ తమ్ముడెవలో నాకేం ఎరుక. గాయిన ఇంటామె గా బండిల ఉంది, సూడుపో."

అందరూ కారు దగ్గరికి పోయారు. భారతి బెల్టు పెట్టుకుని, బొట్టు చెదరకుండా, రోడ్డు వైపు చూస్తూ కూర్చుని ఉంది.

"అమ్మకు బెల్టు పెట్టినవా నాన్నా," అంది హారిక.

"పెట్టకుంటే బండి ఊకుంటలేదు బిడ్డా."

అంబులెన్స్ వాళ్ళు ఉత్త చేతులతో పోలేక, సావిత్రికి బీపీ చూసి, ఉప్పు తగ్గించమని చెప్పి వెళ్ళిపోయారు. కళ్ళజోడు దొరికింది కానీ ఒక అద్దం పగిలింది. "నువ్వు అటు కూసో, నేను నడుపుత," అంది హారిక. చంద్రమౌళి ఫోటోను ఒళ్ళో పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఆ బండిలోనే కాదు, ఏ సొంత బండిలోనూ ఆయన ఆ సీట్లో కూర్చున్నది లేదు.

మొదట మెల్లగా పోయిన హారిక, రోడ్డు తిన్నగా కనిపించగానే కాలు గట్టిగా నొక్కింది. చంద్రమౌళి వీపు సీటుకు అతుక్కుపోయింది. పట్టుకోవడానికి స్టీరింగ్ లేదు, తొక్కడానికి బ్రేకు లేదు. చెట్లు మీదికి ఉరికొస్తున్నాయి. ఆయనకు తెలియకుండానే నవ్వొచ్చింది. ఆ నవ్వు విని ఆయనే ఉలిక్కిపడ్డాడు.

"బండి ఎట్లుంది నాన్నా? ఉదయ్ అన్నట్టు మజా లేదా?"

"ఉంది. ఈ సీట్ల ఉంది," అన్నాడు చంద్రమౌళి. "ఇన్నేండ్లు నేను లారీలను చూస్కుంట కూసున్న బిడ్డా. మీ అమ్మ ఒక్కతే ఇది చూసింది. ఎట్లుందే అని ఒక్కనాడు అడగలే."

హారిక ముందున్న తెర మీద కాఫీ కప్పు వెలిగింది.

సాయంత్రం అందరూ చాయ్ తాగుతుంటే చంద్రమౌళి సెల్ మోగింది. పొద్దుటి అమ్మాయే. "సార్, మేడమ్ ఇప్పుడెలా ఉన్నారు?"

సంగతి చెప్పడానికి హారిక ఫోన్ అందుకోబోయింది. ఆయన ఆగమని చెయ్యి చూపించాడు.

"బాగనే ఉంది బిడ్డా. ఇంటికి తీస్కచ్చిన."

"చాలా సంతోషం సార్. అయితే సమస్య పరిష్కారమైందని రాసుకోమంటారా?"

చంద్రమౌళి కొంచెంసేపు ఆలోచించి, రాసుకొమ్మన్నాడు.