చుక్క నీరంటని కాపురం

కాపురం అన్నాక చుక్క నీరు అంటకూడదు. పెళ్లైన మూడు నెలలకే ఈ సత్యం తెలుసుకున్న అదృష్టవంతురాలిని నేను!

మా ఆయన ఆర్థర్ ఒక ల్యాబ్‌లో పనిచేస్తారు. అక్కడ గాలి తీసేసిన పెట్టెలో ఏదో గ్యాసు పంపి కరెంటిస్తే, ఊదారంగులో వెలుగుతుందట. అదే ప్లాస్మా. అందులో బట్ట పెట్టి తీస్తే కంటికి కనపడని పొర పడుతుంది. ఇక నీళ్లు పోసినా చేమాకు మీది చుక్కల్లా జారిపోవాల్సిందే.

ఇంత శాస్త్రం ఇంటికి రాకుండా ఉంటుందా? ముందు టేబుల్ క్లాత్ వచ్చింది. సాంబారు ఒలికితే మరక పడలేదు. తిన్నగా నా ఒళ్లోకి వచ్చింది. టేబుల్ ఎంత శుభ్రం!

తర్వాత పొరపాటున తువ్వాలు కూడా పెట్టెలోకి వెళ్లింది. దాంతో తుడుచుకుంటే నీళ్లు ఒంటిమీదే ఊరేగుతాయి. తువ్వాలు మాత్రం పొడిపొడి. ఆరేసే పని తప్పలేదూ?

మా అత్తయ్య ప్రేమమణి గారు దాంతో హాలు తుడవబోతే నీళ్లన్నీ వంటింట్లోకి నడిచాయి.

"ఏందిరా ఇది, గుడ్డనా, రేకునా?"

"సక్సెస్ అయిందమ్మా," అన్నారీయన.

ఆఖరి వరం, మా ఇద్దరికీ చెరో రెయిన్‌కోటు. అంతకుముందు వానొస్తే చర్చి నుంచి మెట్టుగూడ ఇంటిదాకా ఇద్దరికీ ఒకటే గొడుగు. బుల్లి గొడుగు. భుజాలు రాసుకుంటూ, గుంటలు దాటుతూ, ఎంత అవస్థ! ఇప్పుడా ఖర్మ లేదు. పొడిగా, హాయిగా, ఆయన పదడుగుల ముందు, నేను వెనక. ఇంతకన్నా నాగరికత ఏముంటుంది?

మొన్న ఆదివారం ఆరాధన అయ్యేసరికి జోరువాన. "తడిస్తే మీకు మోకాళ్లు పట్టేస్తాయి అత్తయ్యా," అని నా కోటు ఆవిడకు తొడిగాను. ఆవిడ నన్నొకసారి చూశారు, నా సంచిలోంచి తొంగిచూస్తున్న గొడుగునొకసారి చూశారు. కొడుకు వైపు చెయ్యి చాచారు.

"నీది సుత ఇటియ్యి. రోసమ్మకు జలుబు చేసింది."

పక్కింటి రోసమ్మగారికి జలుబన్న సంగతి ఆవిడకే అప్పుడు తెలిసింది. కోటు తొడుక్కుని మాత్రం బుద్ధిగా దగ్గారు. ఇద్దరూ ముందు నడిచారు, వెనక్కి తిరగకుండా.

గొడుగులో మేం ఇల్లు చేరేసరికి ఆయన ఎడమ భుజం, నా కుడి భుజం తడిసి ముద్ద. ఆయన తల తుడుచుకోవడానికి తువ్వాలు అడిగారు. ఇచ్చాను. అదే తువ్వాలు. తుడుచుకున్నారు, తుడుచుకున్నారు, చివరికి నా కొంగు అందుకున్నారు.

ప్లాస్మా వరం కాదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. నా చీరల్ని మాత్రం ఆ పెట్టె దరిదాపుల్లోకి పోనివ్వను.