ఆలోచించి తీసే కెమెరా

అమ్మాయి సంచి సర్దుతున్నాను. నేను ఒక వస్తువు లోపల పెడితే అది రెండు బయటికి తీస్తోంది.

"అమ్మా, ఈ దుప్పటెందుకే? నేను నడపబోయేది రైలు. దుప్పటి కప్పుకుని పడుకుంటే ప్యాసింజర్లు ఊరుకోరు."

"చలేస్తే?"

"ఇంజన్లో కూర్చునేదానికి చలేంటి?"

దుప్పటి బయటికొచ్చింది. దానితోపాటు నేను మడతల్లో దాచిన తలనొప్పి మాత్రలూ, అదనపు టార్చిలైటూ బయటపడ్డాయి.

మర్నాడు అది మొదటిసారి డ్రైవరు సీట్లో కూర్చుని రైలు తీసుకెళ్ళబోతోంది. మా వంశంలో సైకిలు తప్ప ఏదీ నడిపినవాళ్ళు లేరు. ఆ సైకిలైనా మా మామగారు సగం దారి తోసుకుంటూనే వెళ్ళేవారట. అందుకని నాకు గర్వం గొంతుదాకా, భయం నడినెత్తిదాకా ఉన్నాయి.

భయం నాకు కొత్త కాదు. వెళ్ళేవాళ్ళ వీపులు చూస్తూ పెరిగినదాన్ని. ఎవరు గడప దాటబోయినా వాళ్ళ కాలు లేవకముందే "జాగ్రత్త" అనేస్తాను. మావారికి అదొక వేళాకోళం. "మా ఆవిడ నేను తుమ్మకముందే చిరంజీవ అంటుంది" అని ఊరంతా చెప్పుకునేవారు.

మావారు టైలరు. నేను బడి మొహం చూడలేదు. ఆయన కొలతలకు కత్తిరించి పారేసిన పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అందుకే నాకు తెలిసిన లోకవార్తలన్నిటికీ చంకల దగ్గర కోత ఉంటుంది.

ఆ సాయంత్రం ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని, మీసాల్లోంచి నవ్వుతూ వచ్చారు.

"ఏమిటండీ దాస్తున్నారు?"

"కళ్ళు మూసుకో."

"మూసుకుంటే మీరెక్కడికైనా వెళ్ళిపోతారు. చూపించండి."

డిజిటల్ కెమెరా. అప్పటికి ఫోన్లలో కెమెరాలు మా గుమ్మందాకా రాలేదు. కొత్తది కొనే స్తోమతూ మాకు లేదు.

"సెకండ్ హ్యాండా?"

"ఆ మాటనకు. వేరేవాళ్ళింట్లో పని నేర్చుకుని వచ్చిన కెమెరా. రేపు మన పిల్ల రైలు నడుపుతుంటే ఫొటో తీసి, షాపులో అద్దం వెనక పెడతాను. జేబు రుమాలు కుట్టించుకోడానికి వచ్చినవాడు కూడా దాన్ని చూడకుండా పోకూడదు."

"ఎవరమ్మారు?"

"నమ్మకంగారు."

ఆయన పాత సామాన్ల కొట్టాయన. మాటకు ముందు "నమ్మకం ముఖ్యమండీ" అంటాడు కాబట్టి ఆ పేరు. ఆయన అమ్మిన గడియారం మా ఇంట్లో రోజుకు రెండుసార్లు మాత్రం సరైన టైము చూపిస్తుంది.

మావారు ముందుగా వీధి కుక్కను తీశారు. తోక వచ్చింది. కిందింటి వాచ్‌మన్ సైకిలు మీద వెళ్తుంటే తీశారు. వెనక చక్రం వచ్చింది. నన్ను నడవమని తీశారు. గోడ వచ్చింది, నీడతో సహా.

"నొక్కాక ఒక క్షణానికి గానీ తీయట్లేదండీ ఇది."

"నమ్మకంగారు ముందే చెప్పాడు. ఇది తొందరపడే రకం కాదట. ఆలోచించి తీస్తుందట."

"ఆలోచించేలోపు మనుషులు వెళ్ళిపోతున్నారుగా!"

"నీకేం తెలుసే? ఇది కళ."

మర్నాడు ఉదయం అమ్మాయి, వాళ్ళ నాన్న కుట్టిన యూనిఫారం వేసుకుని, సంచి భుజాన పెట్టుకుని గడప దాటింది. నేను "జాగ్రత్త" అన్నాను. ఆయన నొక్కారు. వెనక ఉన్న బుల్లి తెరలో చూస్తే గడప ఉంది, తలుపు ఉంది, మధ్యలో ఎవరూ లేరు.

నా భయాన్ని రంగుల్లో ఫొటో తీసి చేతికిచ్చారు.

అమ్మాయి వెళ్ళాక ఆయన ఇస్త్రీ పెట్టె ముందు కూర్చున్నారు. నేను కెమెరా తీసుకుని ఆయన మీదే సాధన మొదలుపెట్టాను. లేచాక నొక్కితే ఖాళీ స్టూలు వస్తోంది. లేవబోతున్నారని నా మనసుకు అనిపించగానే, "జాగ్రత్త" అనుకుంటూ నొక్కితే మనిషి నిండుగా వస్తున్నాడు. ఇన్నాళ్ళూ అందరూ ఎగతాళి చేసిన నా ఒక్క క్షణపు తొందర, ఆ కెమెరా ఒక్క క్షణపు ఆలస్యం, తూచినట్టు సరిపోయాయి. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి!

మధ్యాహ్నం ఇంటి వెనక పట్టాల కంచె దగ్గర నిలబడ్డాం. రైలు అక్కడ దాటేది ఒక్కసారే. ఇప్పుడు తప్పితే మొదటి రైలు మళ్ళీ రాదు.

"నాకివ్వండి, నేను తీస్తాను."

"నీ చేతులు వణుకుతాయి. నువ్వు చూస్తూ ఉండు చాలు."

మలుపు దగ్గర కూత వినబడింది. ఆయన కెమెరా కంటికి ఆనించారు. "రానీ... ఎదురుగా రానీ..."

ఇంజన్ ఇంకా చింతచెట్టు దాటలేదు. నా గుండె మాత్రం దాటేసింది. "జాగ్రత్త!" అంటూ ఆయన వేలి మీద నా వేలు పెట్టి గట్టిగా నొక్కాను.

"అయ్యో! ఇంకా రానే లేదు కదే, పిచ్చిదానా! పాడు చేశావు!"

రైలు దడదడలాడుతూ వెళ్ళిపోయింది. ఆయన ఆపకుండా తిడుతూ తెర చూశారు. తిట్టు సగంలో ఆగిపోయింది.

ఇంజన్ కిటికీలో మా అమ్మాయి. రెండు చేతులూ పని మీదే ఉన్నాయి, కళ్ళు పట్టాల మీదే ఉన్నాయి. మేం నిలబడ్డామని తెలిసినట్టు పెదవి చివర మాత్రం కొంచెం నవ్వు. మా నాన్న, మా అన్న, మా అత్తగారు, నేను సాగనంపిన వాళ్ళెవరికీ అలాంటి ఫొటో లేదు.

అమ్మాయి మర్నాడు సాయంత్రం క్షేమంగా వచ్చింది. సంచిలో నేను మళ్ళీ దాచిన దుప్పటిని చూపించి నన్ను తిట్టింది కూడా.

ఫొటో షాపు అద్దం వెనకాలకు ఎక్కింది. "ఎవరు తీశారండీ?" అని ఒకాయన అడిగితే, మావారు కాలరు సర్దుకుని "ఇంకెవరు?" అన్నారట. ఇక చూడండి, చొక్కాతోపాటు ఫొటో కూడా కావాలని జనం వరస కట్టారు. ఈయన నొక్కి "అయింది, లేవండి" అంటారు, వాళ్ళు లేస్తారు, కెమెరా అప్పుడు తీస్తుంది. ఒక్కడికీ తల లేదు. అందరికీ పొట్టలే.

వారం తిరక్కుండా ఆయన గుమ్మంలో నిలబడి గోడ వైపు చూస్తూ గొంతు సవరించుకున్నారు.

"ఏమే, కాస్త షాపుదాకా వస్తావా?"

"నా చేతులు వణుకుతాయేమో?"

"వణకనీ. నేను పట్టుకుంటాను."

"మరి ఆ పొట్టల ఫొటోలు?"

"నడుం కొలతలకు పనికొస్తాయిలే" అన్నారు నేల చూపులు చూస్తూ.

అప్పటినుంచి కెమెరా నా మెడలోనే ఉంది. షాపు అద్దం వెనక ఫొటో కింద ఆయన తన చేత్తోనే "తీసినది: మా ఆవిడ" అని రాసి అంటించారు.

అమ్మాయి వెళ్తూనే ఉంది, వస్తూనే ఉంది. ఇప్పటికీ వెళ్ళేముందు నేను నొక్కుతాను, తర్వాత తనే వచ్చి తన ఫొటో చూసి నవ్వుతుంది.

ఆయనది కూడా ఒకటుంది. బొత్తాలు కొనడానికి బజారుకు బయలుదేరుతూ, చేతిసంచితో, గడప మీద ఒక కాలు వేసి, "ఇంకా వెళ్ళలేదు కదే!" అని నా మీద విసుక్కుంటున్నారు. నిండుగా వచ్చారు. అది తీసింది ఆ మొదటి రైలు దాటిన రెండేళ్ళ తర్వాత, మే నెల తొమ్మిదో తారీఖు, గురువారం ఉదయం. ఆ బజారునుంచి ఆయన తిరిగి రాలేదు.