మా బావమరిది కోసం వచ్చానండీ

మగవాడి ఒంట్లో ఏది తగ్గినా ప్రభుత్వం ఊరుకోదు. రక్తం తగ్గితే మాత్రలిస్తుంది, చూపు తగ్గితే కళ్ళజోడిస్తుంది. అలాంటిది, టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను తగ్గిపోతూ ఉంటే చేతులు కట్టుకుని కూర్చుంటుందా? కూర్చోలేదు. ఒక కేంద్రాన్ని నెలకొల్పింది. దాని పూర్తి పేరు 'పురుష హార్మోను లోప నిర్ధారణ, పునఃపూరణ, పర్యవేక్షణ సహాయ కేంద్రం'. బోర్డు రాయడానికి వచ్చిన పెయింటరు ఆ పేరు ఒకసారి చదివి, అటూ ఇటూ చూసి, చివరి రెండు మాటలు మాత్రం రాసి నిచ్చెన దిగిపోయాడు. అందుచేత బోర్డు మీద 'సహాయ కేంద్రం' అనే ఉంటుంది. ఏ సహాయమో తెలిసినవాళ్ళు ఎవర్నీ అడగరు.

ఈ జబ్బుకు నీరసం ముఖ్య లక్షణం గనక కేంద్రాన్ని మూడో అంతస్తులో పెట్టారు. (లిఫ్టు ఉంది. అది పనిచేయదని చెప్పే కాగితం కూడా ఉంది. కాగితం ఏటా కొత్తది అంటిస్తారు.)

మన కథలో మనిషి బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు కదిలిందో రిజిస్టర్లో రాసి, ఈల వేసి పంపడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా ఒక్క నిమిషం అటూ ఇటూ కానివ్వలేదు. అలాంటివాడు ఏడాదిగా మధ్యాహ్నం రెండింటికి కుర్చీలో కూర్చుంటే మూడింటికి గానీ ఈ లోకంలోకి రావడం లేదు. ఒకరోజు ఈల నోట్లో పెట్టుకునే కునుకు తీశాడు. గురకకు ఈల మోగింది. పదకొండో నంబరు బస్సు ఆరు నిమిషాలు ముందే వెళ్ళిపోయింది, దాని వెనకాల ఎనిమిది మంది ప్రయాణికులు పరిగెత్తారు.

డిపో సంగతి ఎలా ఉన్నా, అతన్ని కోసింది ఇంటి సంగతి. అతని భార్య స్కూలు యూనిఫారాలు కుట్టే చోట పనిచేస్తుంది. సాయంత్రం భోజనాలయ్యాక ఆమె అక్కడి విశేషాలు చెప్పాలి, అతను వినాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళ కాపురం ఆ గంట మీదే నడిచింది. అక్కడి సూపర్‌వైజరు తన పెద్ద కత్తెర పోయిందని గోల పెట్టిన కథ ఆమె ఎనిమిది నెలల కిందట మొదలుపెట్టింది. సూపర్‌వైజరు గొంతు ఒకలా, కాజాలు కుట్టే ముసలావిడ గొంతు ఒకలా పెట్టి చెబుతుంది. "అప్పుడు ఆయన సరాసరి నా మిషను దగ్గరికొచ్చి..." అనే చోటికి వచ్చేసరికి ఇతను గుర్రు పెడతాడు. మర్నాడు ఆమె మళ్ళీ మొదట్నుంచి చెబుతుంది. మళ్ళీ అక్కడే గుర్రు.

ఒక సాయంత్రం ఆమె ఏమీ మొదలుపెట్టలేదు.

"ఇంతకీ కత్తెర ఏమైంది?" అన్నాడతను.

"ఏముందిలెండి. అలిసిపోయారు, పడుకోండి" అంది, దుప్పటి అందిస్తూ.

ఆమె కోప్పడి ఉంటే హాయిగా నిద్రపోయేవాడు. జాలిపడేసరికి ఆ రాత్రి ఎంతకీ నిద్రపట్టలేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు. మర్నాడే ఎవరికీ చెప్పకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ రెండు వేర్వేరు రోజుల్లో పొద్దున్నే రక్తం తీయించి, ఇంకో నాలుగు పరీక్షలు చేయించి, కాగితాలు ముందు పెట్టుకుంది. "రెండుసార్లూ బాగా తక్కువొచ్చింది. వయసు మీద పడిందని సరిపెట్టుకునేంత తక్కువ కాదు. రోజూ భుజానికి రాసుకునే జెల్ మొదలుపెడదాం."

"అంటే మేడమ్... నేను..." అని ఆగాడు.

"మీరు మగాడే. కాగితం రాసివ్వమంటారా?"

"వద్దండీ. ఎవరైనా చూస్తారు."

"ఒక మాట. వారం తిరిగేసరికి పులి అయిపోతానని ఆశలు పెట్టుకోకండి. నెలలు పడుతుంది. మధ్యమధ్య రక్తం చూపించుకోవాలి. పిల్లలు కావాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు."

"మా పిల్లలకే పిల్లలండీ."

"అయితే మంచిది. ఆరోగ్య కార్డు మీద ఉచితంగా మందు రావాలంటే మాత్రం సహాయ కేంద్రం వాళ్ళు అనుమతివ్వాలి" అంటూ ఆవిడ అతని వంక కొంచెం జాలిగా చూసింది. ఆ వారంలో అతని మీద జాలిపడిన రెండో ఆడమనిషి ఆవిడ.

కేంద్రంలో అతనికి మొదట కనిపించింది గోడగడియారం. అది గంటన్నర వెనక ఉంది. ఇరవై రెండేళ్ళ టైమ్‌కీపరు తన చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. అక్కడున్న అటెండరుతో, "గడియారం తప్పు చూపిస్తోందండీ" అన్నాడు.

"తప్పు కాదు సార్. ఉత్తర్వు."

విషయమేమిటంటే, ఈ హార్మోనుకు రక్తం పొద్దున్నే తీయాలి. కేంద్రం వాళ్ళ నిబంధనలో తొమ్మిది లోపు అని ఉంది. టోకెన్లు ఇచ్చేది పదింటికి. ఈ చిక్కుముడి మీద పైవాళ్ళు మూడుసార్లు సమావేశమై, సిబ్బందిని పెందలాడే రమ్మనడం మానవత్వం కాదని తేల్చి, 'కేంద్రం ఆవరణలో పది గంటలను ఎనిమిదిన్నరగా పరిగణించవలెను' అని ఉత్తర్వు జారీ చేశారు. (రక్తానికి కూడా ఒక ప్రతి పంపారని వినికిడి.)

టోకెను పిలిచారు. కిటికీ అద్దం మందం గనక లోపలున్న గుమస్తా అమ్మాయి మైకులో మాట్లాడుతుంది. ఆ మైకు హాలంతా వినిపిస్తుంది.

"ఎవరికండీ?" అంది ఆ అమ్మాయి తలెత్తకుండా.

వెనక నలభై మంది మగవాళ్ళు చెవులు రిక్కించారు. టైమ్‌కీపరు ఇంటి దగ్గర్నుంచి వల్లె వేసుకుని వచ్చిన మాట 'నాకేనమ్మా'. నోరు తెరిస్తే ఇంకోటి వచ్చింది.

"మా బావమరిదికి."

"ఫారం రెండు" అని కాగితం బయటికి తోసింది. ఫారం ఒకటి స్వయంగా వచ్చి రక్తమిచ్చే రోగికి, ఫారం రెండు రోగి తరఫున డాక్టరు కాగితాలతో వచ్చే ప్రతినిధికి. ఫారం ఒకటి కట్ట దారం కూడా విప్పకుండా ఆ అమ్మాయి టిఫిన్ డబ్బా కింద ఉంది.

అతను బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన టై కట్టుకున్న పెద్దమనిషి పలకరించాడు. "తమరు?"

"బావమరిది కోసమండీ."

"నేనూ అంతే. పాపం, మావాడికి బొత్తిగా ఓపిక లేదు" అంటూ ఆ పెద్దమనిషి మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీర్చుకుంటున్నాడు. అటుపక్కాయనా బావమరిది కోసమే వచ్చాడు. ముందు వరసలో ఉన్న ఏడుగురూ బావమరుదుల కోసమే. లోకంలో బావమరిది అనేవాడే లేకపోతే మగవాళ్ళ పరువు ఏ గంగలో కలిసేదో తలుచుకుంటే భయం వేస్తుంది.

స్తంభం పక్కన ఒకతను హెల్మెట్ తీయకుండా కూర్చున్నాడు. ఆ హెల్మెట్ వెనక అంటించిన స్కూలు బొమ్మ ఎక్కడో చూసినట్టుంది. దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. లోపల, మెలేసిన మీసాలతో సహా, తన సొంత బావమరిది ఉన్నాడు. స్కూల్లో వ్యాయామం మాస్టారు. ఒంటిచేత్తో గ్యాస్ సిలిండరు మేడ మీదికి మోసుకుపోయే మనిషి.

"ఒరేయ్, నువ్వా?"

"బావా! మీరేంటి ఇక్కడ?"

"నేనా... నీ కోసం వచ్చాను."

"నేనూ మీ కోసమే వచ్చాను బావా."

బావమరిది హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాడు.

"అక్కకి తెలుసా?" అన్నాడు హెల్మెట్ లోంచి.

"ఏమని?"

"అదే, నా కోసం మీరొచ్చినట్టు."

"తెలీదు. మీ ఆవిడకి?"

"మీ కోసం నేనొచ్చానని ఇంకా చెప్పలేదు."

ఇక చేసేదేముంది? ఒకరి ఫారంలో ఒకరు రోగులయ్యారు, ఒకరి ఫారం కింద ఒకరు ప్రతినిధిగా సంతకం పెట్టారు. నిబంధన ప్రకారం మందు ప్రతినిధి చేతికే ఇస్తారు. నెలనెలా బావ మందు బావమరిది, బావమరిది మందు బావ తీసుకుని, వీధి చివర టీ కొట్టు వెనక మార్చుకునేవాళ్ళు. చూసినవాళ్ళు దొంగ సరుకనుకుని ఉంటారు. ఆ మాటే నయమని ఇద్దరూ అనుకున్నారు.

మూడో నెల గడిచేసరికి అతను మధ్యాహ్నం మూడు గంటల బస్సును స్వయంగా కళ్ళతో చూశాడు. ఈల తనంతట తాను మోగడం మానేసింది. ఒక సాయంత్రం భోజనమయ్యాక, "ఇంతకీ ఆ కత్తెర ఏమైంది?" అన్నాడు.

ఆమె అనుమానంగా చూసింది. "నిద్రపోరు కదా?"

"పోను."

మొదలుపెట్టింది. సూపర్‌వైజరు గోల, ముసలావిడ సణుగుడు, అందరి సంచుల సోదా, అన్నీ అయ్యాయి. "అప్పుడు ఆయన సరాసరి నా మిషను దగ్గరికొచ్చి..." అని అలవాటుగా ఆగి, మొగుడి వంక చూసింది. కళ్ళు రెండూ తెరుచుకునే ఉన్నాయి.

"ఊఁ, వచ్చి?" అన్నాడతను.

"ఉండండి, ఇంతదాకా మనం ఎప్పుడూ రాలేదు" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఎన్నాళ్ళ నాటి మాటో. రేపు సరిగ్గా గుర్తు చేసుకుని చెబుతాను."

ఆ రేపే కేంద్రం నుంచి నోటీసు వచ్చింది. తనిఖీ అధికారి రికార్డులు క్షుణ్ణంగా పరిశీలించాడట. స్వయంగా వచ్చిన రోగులు: లేరు. ప్రతినిధులు: నాలుగు వందల పన్నెండు మంది. 'దీనిని బట్టి ఈ ప్రాంతమున పురుషులందరూ సంపూర్ణ ఆరోగ్యముతో, బావమరుదుల యెడ విశేష ప్రేమతో ఉన్నట్లు తేలుచున్నది. రోగులే లేని చోట కేంద్రము అనవసరము. అభ్యంతరములున్నవారు హాజరు కావలెను.'

ఆ రోజు హాలు చాలక మెట్ల మీద కూడా నిలబడ్డారు. తనిఖీ అధికారి మైకు తీసుకున్నాడు. "ఈ జబ్బు ఉన్న మనిషి, స్వయంగా, ఒక్కరు ఉన్నా చాలు, కేంద్రం ఉంచుతాం. ఎవరైనా ఉన్నారా?"

నాలుగు వందల పన్నెండు మందీ తమ చెప్పులు కొత్తగా కొన్నట్టు వాటినే చూసుకున్నారు. టైమ్‌కీపరుకు దుప్పటి అందిస్తున్న భార్య చెయ్యి గుర్తొచ్చింది. లేవబోయాడు. బావమరిది చొక్కా పట్టుకుని లాగాడు.

"బావా, కూర్చోండి! పరువు పోతుంది."

"లేస్తే పరువు పోతుందిరా. కూర్చుంటే మీ అక్క మళ్ళీ మాట్లాడటం మానేస్తుంది" అని చెయ్యి విడిపించుకుని లేచాడు. గొంతు డిపోలో అలవాటైన గొంతు. "నాకేనండీ. బావమరిదికి కాదు. తక్కువైంది నాకే."

గుమస్తా అమ్మాయి మొదటిసారి తలెత్తింది. టిఫిన్ డబ్బా పక్కకి పెట్టి, కట్టకు దారం విప్పి, ఫారం ఒకటిలో మొట్టమొదటి కాగితం దుమ్ము దులిపి ఇచ్చింది. "పెన్నుందా అంకుల్?" అని మైకు ఆపేసి అడిగింది.

కేంద్రం కొనసాగుతుందని అధికారి ప్రకటించాడు. హాలంతా చప్పట్లు. ఇక అందరూ ఒక్కొక్కరే లేస్తారని టైమ్‌కీపరు గర్వంగా వెనక్కి తిరిగాడు. నిజంగానే లేచి వరస కట్టారు.

"ఎవరికండీ?" అంది మైకు.

టై కట్టుకున్న పెద్దమనిషి టైమ్‌కీపరు వైపు వేలు చూపించాడు. "ఆయనకి."

"మీకు?" అంది వెనకున్నాయన్ని.

"నాకూ ఆయనకే."

హెల్మెట్ వంతు వచ్చింది. "మా బావకి" అంది హెల్మెట్.

సాయంత్రం ఇంటికొచ్చి ఉన్నదంతా భార్యకు చెప్పేశాడు. హెల్మెట్ సంగతి ఒక్కటి దాచాడు.

"తెలుసులెండి" అందామె. "భుజానికి ఏదో పూసుకుని, చొక్కా వేసుకోకుండా, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ఆరబెట్టుకునే మొగుణ్ణి ఏ పెళ్ళాం కనిపెట్టదు? అక్కడ మా మరదలూ అదే చూస్తోందిట. మీరు చెప్తారని మేమిద్దరం కాచుకుని కూర్చున్నాం."

అతనికి సిగ్గేసింది, ప్రాణం హాయిగానూ అనిపించింది. "కత్తెర సంగతి చెప్పు" అన్నాడు.

చెప్పింది. నలభై మంది సంచులూ సోదా చేయించిన ఆ కత్తెర సూపర్‌వైజరు సొంత బల్ల సొరుగులోనే దొరికింది. "దొరికాక ఏమన్నాడో తెలుసా? 'ఇది నాది కాదు, మా బావమరిదిది' అన్నాడండీ!"

పక్కింటివాళ్ళు కిటికీ తెరిచి చూసేంతగా ఇద్దరూ నవ్వారు. ఆ రాత్రి ఆమె ఇంకో కథ కూడా మొదలుపెట్టింది.

ఆ ఏటి నివేదికలో, ఈ ప్రాంతంలో రోగులు ఒకరనీ, అతని బాగోగులు చూసే బంధువులు నాలుగు వందల పదకొండు మంది అనీ నమోదైంది. ఒక మనిషికి ఇంతమంది బావమరుదులు ఎలా ఉంటారో, అతని భార్య పుట్టింటి వివరాలేమిటో తేల్చమని పైవాళ్ళు ఒక విచారణాధికారిని పంపారు. ఆయన మూడంతస్తులూ ఎక్కి, గోడ పట్టుకుని కాసేపు నిలబడి, కిటికీ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

ఏం మాట్లాడాడో వినకుండానే గుమస్తా అమ్మాయి ఫారం రెండు బయటికి తోసింది.