మద్దిచెట్టు కింద ముందు వరస

ఒక పెద్ద అడవిలో... పెద్దదంటే మీరనుకునేంత కాదు. దాన్ని అడ్డంగా దాటాలంటే గద్దకే మూడు రోజులు పట్టేది. నేను మాత్రం ఒక్క పూటలో దాటాను, అదీ ఒంటికాలి మీద. పులులు పక్కకి తప్పుకుని దారిచ్చాయి. సరే, ఇది నా కథ కాదు, కుందేళ్ళ కథ.

ఆ అడవి కీచురాళ్ళు మామూలువి కావు. పదిహేడేళ్ళు మట్టి కింద వేళ్ళ రసం తాగుతూ పడుంటాయి. ఒకనాటి సాయంత్రం లక్షల్లో పైకొచ్చి, పాత చొక్కా విప్పినట్టు ఒంటి మీది పెంకు విప్పేసి రెక్కలు చాపుతాయి. మళ్ళీ చూడాలంటే ఇంకో పదిహేడేళ్ళు ఆగాలి.

ఆ ఏడు వాటి వంతు వచ్చింది. పోయినసారి మద్దిచెట్టు కింద లేచాయని దస్త్రంలో ఉంది. అడవి కార్యదర్శి గుంటనక్క వెంటనే స్వాగత సంఘం వేసింది. అధ్యక్షుడు సింహం. ఏనుగు రెండు రోజులు అటూ ఇటూ తిరిగి చెట్టు కింద నేలని బండలా తొక్కింది. దాని మీద అడవిదున్నల పేడతో మూడు పూతలు అలికించి, ముగ్గులేయించి, పెద్దలకి రాతి ఆసనాలు పరిచారు.

చెట్టుకి అవతలి పక్క, వేళ్ళ మధ్య బొరియలో కుందేలు తెల్లమ్మ కాపురం. మొగుడు దుముకయ్య, నలుగురు పిల్లలు. అందరికంటే చిన్నది చిటుకు. "ఎప్పుడమ్మా, ఎప్పుడమ్మా?" అని వారం రోజులు తల్లి ప్రాణం తీసింది.

ఆ సాయంత్రం పిల్లలకి మొహాలు కడిగి, చెవులు దువ్వి తీసుకెళ్ళారు. ఆసనాల చుట్టూ కట్టిన తడిక దగ్గర కాపలా తోడేలు అడ్డం నిలబడింది.

"పదేళ్ళు నిండినవాళ్ళకే ప్రవేశం. పిల్లలు గోల చేస్తారు, కీచురాళ్ళకి ఇబ్బంది."

"గోల, కీచురాళ్ళకా?" అంది తెల్లమ్మ. "పదేళ్ళు నిండిన కుందేలుని ఎప్పుడైనా చూశావా తోడేలన్నా? ఇప్పుడు చూడకపోతే వీళ్ళు ఈ జన్మలో చూడరు."

"రూలు రూలే చెల్లెమ్మా. దరఖాస్తు పెట్టుకో, వచ్చేసారి చూద్దాం."

"వచ్చేసారికి మా మునిమనవళ్ళకే మనవళ్ళు పుడతారయ్యా!" అన్నాడు దుముకయ్య. తోడేలు అప్పటికే దిక్కులు చూస్తోంది. ఏడుస్తున్న చిటుకుని ఎత్తుకుని అందరూ ఇంటిదారి పట్టారు.

లోపల నక్క ప్రసంగం అందుకుంది. సింహం మూడుసార్లు ఆవులించింది. నేల మాత్రం కదల్లేదు. ఎలా కదులుతుంది? పైన ఏనుగు తొక్కుడు, ఆ పైన పేడ, ఆ పైన ప్రసంగం!

కింద కీచురాళ్ళు తల కొట్టుకుని కొట్టుకుని, మెత్తటి మట్టి ఎక్కడుందా అని పక్కకి తిరిగాయి.

బొరియలో చిటుకు వెక్కిళ్ళు ఉన్నట్టుండి ఆగాయి.

"అమ్మా, నేల చక్కిలిగిలి పెడుతోంది."

ఒకటి వచ్చింది. పది వచ్చాయి. తర్వాత ఇల్లంతా అవే! నేను పదకొండు కోట్ల దాకా లెక్కపెట్టి, మర్యాద కాదని ఆపేశాను. ఒకటి చిటుకు చెవిని కొమ్మ అనుకుని చివరిదాకా ఎక్కి, గట్టిగా పట్టుకుంది. దాని వీపు చిట్లింది. లోపలినుంచి పాలమీగడలాంటి ఒళ్ళు మెల్లగా బయటికొచ్చింది.

"కదలకే తల్లీ!" అన్నాడు తండ్రి.

"ష్ష్, నాన్నా. నేను చెట్టుని."

పుట్టాక ఆ పిల్ల అంతసేపు కదలకుండా ఉండటం అదే మొదలు.

మర్నాడు నక్క నోటీసు పట్టుకొచ్చింది. "ఏమ్మా తెల్లమ్మా, సంఘం అనుమతి లేకుండా మీ ఇంట్లో జరిపించుకున్నావట?"

వెనకే వచ్చిన సింహం నక్కని పక్కకి నెట్టి, చిటుకు చెవికి వేలాడుతున్న ఖాళీ పెంకు వంక చూసింది.

"ఎలా ఉందే పిల్లా?" అంది, గొంతు తగ్గించి.

"చాలా బావుంది మహారాజా! వచ్చేసారి మా ఇంటికి రండి. మీకు పదేళ్ళు నిండినా రానిస్తాం."

నీతి: వింతని దగ్గర్నుంచి చూడాలంటే, ముందు వరసలో చోటు దొరక్కుండా జాగ్రత్తపడాలి.