మూడు సాకెట్ల బండి

ఆ ఆదివారం ఉదయం లిఫ్టాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. షెడ్డుకి వెళ్ళి కొత్త క్యాంపర్ వ్యాన్ తెచ్చుకోవాలి. భార్యనీ అత్తగారినీ ఎక్కించుకుని చెరువు పక్కనున్న క్యాంపు మైదానానికి పోవాలి. అక్కడి కరెంటు స్తంభానికి బండిని తగిలించి, బండిలోనే టీ కాచుకుని, కిటికీ పక్కన కూర్చుని తాగి, చీకటి పడ్డాక ఇంటికి రావాలి. అంతే. ఇంత చిన్న కోరికకు కూడా అడ్డుపడేవాళ్ళు ఉంటారు. వాళ్ళనే బంధువులంటారు.

ఆయన మీసం మొలిచినప్పటి నుంచి నెరిసేదాకా ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాడు. కిటికీ లేని పెట్టెలో స్టూలు మీద కూర్చునేవాడు. ఎక్కినవాళ్ళు అంతస్తు నంబరు చెప్పేవారు తప్ప నమస్కారం చెప్పేవారు కాదు. పైకీ కిందికీ తిరగడమే గానీ జీవితంలో ఒక్క అడుగు ముందుకు పోయింది లేదు. చివరికి ఎవరి మీట వాళ్ళే నొక్కుకునే కొత్త లిఫ్టు వచ్చింది. యాజమాన్యం ఆయనకి ఒక శాలువా కప్పి, చేతిలో ఒక చెక్కు పెట్టి, మెట్ల మీదుగా పంపించేసింది. శాలువా అత్తగారు తీసుకుంది. చెక్కు వ్యాన్‌గా మారింది.

అదీ సులువుగా మారలేదు. భార్య ఆసుపత్రిలో నర్సు. మనిషిని పడుకోబెట్టి సూది గుచ్చడం అలవాటైన చెయ్యి కావడంతో షరతు కూడా అలాగే గుచ్చింది.

"డ్యూటీ చేసొచ్చి చీకట్లో కూర్చునే ఓపిక నాకు లేదండీ. మొదటిరోజు చీకటి పడేదాకా బండిలో కరెంటు పోకపోతే మీ ముచ్చట మీది. పోయిందో, బండి మా తమ్ముడికి ఇచ్చేస్తారు. సరేనా?"

తమ్ముడికి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దాన్ని చక్రాల మీద ఊరంతా తిప్పాలని అతని ఆశ. బండి ఇంకా షెడ్డులో ఉండగానే టేపు పట్టుకెళ్ళి లోపలంతా కొలిచి వచ్చాడు. "ఈ కిటికీలు ప్లైవుడ్ కొట్టి మూసేస్తే అరలకి బోలెడు చోటు బావా!" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి లిఫ్టాయనకి అన్నం సయించలేదు. మళ్ళీ కిటికీ లేని పెట్టె! అదీ తన చెక్కుతో!

ఆ ఇంట్లో ఇంకో అలవాటు ఉంది. ఎదురుగా ఎవరూ ఎవరినీ కాదనరు. "సరే" అంటారు. తర్వాత వెనక్కి తిరిగి ఎవరికి తోచింది వాళ్ళు చేస్తారు. బయటివాళ్ళు దీన్ని అన్యోన్యత అంటారు. బయటి కరెంటు లోపలికి తీసుకునే సాకెట్ బండికి ఎటు పెట్టాలి, ఎడమా, కుడా, వెనకా, అని షెడ్డు మేస్త్రీ అడిగినప్పుడు కూడా ఇదే జరిగింది. "మీ ఇష్టమండీ" అంది భార్య. "అల్లుడుగారి మాటే మాట" అంది అత్తగారు. లిఫ్టాయన పొంగిపోయి కుడివైపు అని ఫోన్ చేశాడు. ఆ తర్వాతి కథ ఆదివారం ఉదయం షెడ్డులో బండి చుట్టూ ప్రదక్షిణ చేస్తేగానీ తెలియలేదు.

"ఏంటి మేస్త్రీ ఇది? కుడివైపు ఒక మూత. ఎడమవైపు ఒక మూత. వెనక ఇంకోటి. బండా, జల్లెడా?"

"మీరు కుడి అన్నారు కద్సార్. పెట్టాం. మేడమ్‌గారు ఫోన్ చేసి, ఆయన అలాగే అంటారు, నువ్వు ఎడమ పెట్టు అన్నారు. పెట్టాం. పెద్దావిడ చేసి, వాళ్ళిద్దరికీ తెలీదు, వెనక పెట్టు అన్నారు. అదీ పెట్టాం. మూడు తీగలు కూడా ఇచ్చాం. ఫ్యామిలీలో మనమెందుకు వేలు పెట్టాలి సార్?"

లిఫ్టాయన భార్య వైపు చూశాడు. ఆమె షెడ్డు కప్పు వైపు చూసింది.

"తలుపు ఎడమవైపు ఉంటే సాకెట్ కుడివైపు పెట్టించే తెలివి మీదే. వానలో నేను చుట్టూ తిరిగి రావాలా?" అంది చివరికి.

"నడిపేవాణ్ణి కుడివైపు దిగుతాను. దిగగానే తగిలిస్తాను. అందులో నీకొచ్చిన నష్టమేంటే?"

వాదన బండి మీద నుంచి బయల్దేరి, పెళ్ళినాటి విషయాల దాకా వెళ్ళింది. మధ్యలో మేస్త్రీ, "లోపల సింక్ పైన ఒక మీట ఉంది, మూడింటిలో ఎటు తిప్పితే అటునుంచే కరెంటు వస్తుంది, సున్నా మీద ఉంటే ఏదీ రాదు" అని చెప్పాడు. భార్యాభర్తలు వినలేదు. మంచి సీటు చూసుకోవడానికి ముందే బండెక్కిన అత్తగారు మాత్రం విన్నది. విని, తల పంకించి, ఊరుకుంది. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒకరి లైను ఇంకొకరికి కలుపుతూ, మధ్యలో వింటూ, ఎవరికీ చెప్పకుండా బతకడం ఆమెకి వృత్తిధర్మం.

క్యాంపు మైదానంలో వాళ్ళకి మూలచోటు దొరికింది. చుట్టూ మూడు స్తంభాలు. దిగీదిగగానే లిఫ్టాయన కుడివైపు స్తంభానికి తన తీగ తగిలించాడు. భార్య మాట్లాడకుండా ఎడమవైపు స్తంభానికి తన తీగ లాగింది. కాపలా అతను ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఇది? బండికి ఒక్కటే స్తంభం. రూలు!"

వెనక తలుపు తెరుచుకుని అత్తగారి చెయ్యి, ఆ చేతిలో మూడో తీగ బయటికొచ్చాయి.

"రూలు బండికి కదా నాయనా. మేం ముగ్గురం. నడుం వంగట్లేదు, ఈ కొస అదుగో, ఆ స్తంభానికి కాస్త తగిలించు."

ఆ గొంతులో ఏముందో గానీ, ఆపడానికి వచ్చిన మనిషి స్వయంగా తగిలించి, తను చేసిన పని అర్థమయ్యాక టోపీ తీసి బుర్ర గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఇక మొదలైంది. లిఫ్టాయన కుడివైపు నుంచి, "వచ్చిందా అత్తయ్యా?" అని అరిచాడు. లోపల మీట టక్కున తిరిగింది. "వచ్చింది అల్లుడుగారూ!" ఆయన మీసం లేచింది. ఎడమవైపు నుంచి భార్య, "నాది తగిలిస్తే వచ్చిందమ్మా, కదా?" అంది. టక్. "నీదేనే తల్లీ!" ఎవరు పిలిస్తే వారికి లైను ఇవ్వడం తప్ప ఆవిడకి ఇంకో ఉద్దేశం లేదు. బండికి అటొకరు ఇటొకరు నిలబడి, కరెంటు తమవల్లే వచ్చిందని, కాదంటే ప్రాణం పోయినా ఒప్పుకోనంత నమ్మకంతో లోపలికొచ్చారు.

"చూశావా, కుడివైపు!"

"కుడీ లేదు, గిడీ లేదు. వెలిగింది నా సాకెట్. మీ తీగ పీకేయండి, అనుమానం ఉంటే."

"నీది పీకు."

ఎవరూ పీకలేదు. పౌరుషంగా భార్య లైటనుకుని ఒక మీట నొక్కింది. అది బండి పక్కన నీడకోసం చాపుకునే గుడ్డ పందిరి మోటారు. పందిరి గుర్రుమంటూ బయటికి సాగి, పక్క బండివాళ్ళు బట్టలారేసుకున్న తాడు దాకా వెళ్ళి, చొక్కాలను వరసగా ఒళ్ళోకి తీసుకుంది. కంగారుగా మళ్ళీ నొక్కింది. పందిరి చొక్కాలతో సహా చుట్టుకుని వెనక్కి వచ్చేసింది. పక్క బండి పెద్దమనిషి బనియనుతో వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, నా బట్టలు మీ బండి మింగింది."

మళ్ళీ చాపి, చొక్కాలు విప్పి ఇచ్చారు. ఆయన తిట్టడానికి నోరు తెరిచి, చొక్కా ఎగాదిగా చూసి, ఆగాడు. "ఇస్త్రీ చేసినట్టు వచ్చాయే!" అన్నాడు. కాసేపటికి ఇంకో రెండు బళ్ళవాళ్ళు తడి బట్టలతో వచ్చారు. లిఫ్టాయన జీవితంలో మొదటిసారి జనం తనకి నమస్కారం పెట్టి మరీ వరసలో నిలబడ్డారు.

భోజనాలయ్యాక బావమరిది దిగాడు. కొత్త ఎలక్ట్రిక్ కారు. కళ్ళకి నల్లద్దాలు. తోడుగా ఒక అట్టపెట్టె.

"బావా, కారు చార్జింగ్ అడుగంటింది. కాస్త ఇక్కడ పెట్టుకుంటాను" అంటూ, చూసి చూసి, కుడివైపు స్తంభానికే తగిలించాడు. బావ మొహంలో వెలుగు ఏ స్తంభం నుంచి వస్తోందో అతను రాగానే కనిపెట్టాడు. ఒక స్తంభం మీద కారూ, వ్యానూ రెండూ పడితే ఫ్యూజు ఉండదని అతనికి బాగా తెలుసు. లోపలికొచ్చి అట్టపెట్టె విప్పాడు. అందులోంచి ఒక హీటరు, జుట్టు ఆరబెట్టుకునే మెషిను, ఇస్త్రీపెట్టె బయటపడ్డాయి.

"ఇవేంట్రా?" అంది అక్క.

"బండి అన్నాక అన్నీ మొయ్యాలి కదక్కా. షరతు షరతే."

"నా సాకెట్ మోస్తుందిలే. పెట్టుకో."

"కుడివైపుది!" అన్నాడు లిఫ్టాయన. వినగానే అత్తగారు మీట కుడివైపుకి తిప్పింది. బావమరిది అన్నిటినీ ఒకేసారి నొక్కి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కిటికీల వైపు చూస్తూ వేళ్ళతో ప్లైవుడ్ లెక్కేసుకుంటున్నాడు. హీటరు ఎర్రబడింది. టీ గిన్నె సలసలమంది. బయట స్తంభంలో ఫట్‌మని చప్పుడైంది. లైట్లు ఆరిపోయాయి. లిఫ్టాయన గుండె లిఫ్టు తాడు తెగినట్టు కిందికి జారింది.

"పోయింద..."

టక్. లైట్లు వెలిగాయి.

"లైను కట్టయింది. ఎడమవైపుది కలిపాను" అంది అత్తగారు, చేతిలో సంచి సర్దుకుంటూ.

బావమరిది లేచి నిలబడ్డాడు. "పోయింది! అందరూ చూశారు! అక్కా, పోయింది కదా?"

అక్క ఇప్పుడు లైట్ల వైపు కాదు, కిటికీలోంచి ఎడమవైపు స్తంభం నుంచి వస్తున్న తన తీగ వైపు చూస్తోంది. కరెంటంతా దాంట్లోంచే వస్తోంది. ఇన్నాళ్ళూ ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పిందే సరైనదనుకుని తలూపిన మనిషి. తన మాట నెగ్గినట్టు కళ్ళెదుట వెలుగుతున్న ఇన్ని లైట్లు ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నా సాకెట్లోంచి దీపాలు ధగధగలాడుతుంటే పోయిందంటావేంట్రా? కళ్ళకా నల్లద్దాలు తీసి చూడు."

"అది కాదక్కా, మధ్యలో..."

"మధ్యలో నేను రెప్ప వేశాను. నువ్వూ వేసుకో."

ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియడం లిఫ్టాయన లిఫ్టులో నేర్చుకున్న ఒకేఒక్క విద్య; దాన్నిప్పుడు వాడుకున్నాడు. బావమరిది కసిగా ఇస్త్రీపెట్టె ఇంకా పెంచాడు. మెషిను తన జుట్టు మీదే పట్టుకుని కూర్చున్నాడు. ఎడమవైపు స్తంభం మీద వేరే బండి లేదు. అది ఉలకలేదు, పలకలేదు. చెరువు మీద ఎండ వాలింది. చీకటి పడింది. వ్యాన్ లోపల ప్రతి దీపం వెలుగుతూనే ఉంది. బావమరిది జుట్టు మాత్రం చీపురుకట్టలా నిక్కబొడుచుకుంది.

"మీ ముచ్చట మీదేనండీ" అంది భార్య. మళ్ళీ టీ కాచి వడపోసి, గ్లాసు తనే తెచ్చి కిటికీ పక్కన పెట్టింది. లిఫ్టాయన కూర్చుని తాగాడు. కిటికీలో చెరువుంది, చెట్లున్నాయి, అవతలి బళ్ళ దీపాలున్నాయి. ఏ అంతస్తు కావాలని ఎవరూ అడగలేదు.

ఇంటికి పోదామని కారు దగ్గరికి వెళ్ళిన బావమరిది పెట్టిన కేకకి చెరువులో బాతులు లేచిపోయాయి. స్తంభం చచ్చిన క్షణం నుంచీ కారుకి చుక్క కరెంటు ఎక్కలేదు. కాపలా అతను లాంతరు పట్టుకుని తీరిగ్గా వచ్చాడు.

"ఫ్యూజు కొట్టేసింది సార్. కరెంటతను రేపొస్తాడు."

"ఇంకో స్తంభానికి పెట్టుకుంటానయ్యా!"

ఉదయం నుంచీ కాపలా అతని గొంతులో ఇరుక్కున్న మాట ఇప్పుడు సుఖంగా బయటికొచ్చింది. "కుదరదు సార్. మీ బండి పెట్టింది దీనికి. బండికి ఒక్కటే స్తంభం. రూలు."

వ్యాన్‌ని తోలుకుపోవడానికి వచ్చిన మనిషి, అలా హీటరూ ఇస్త్రీపెట్టే ఒళ్ళో పెట్టుకుని అదే వ్యాన్ వెనకసీట్లో ఇంటికి చేరాడు. దారిపొడుగునా అత్తగారు కొడుక్కి, మీటని ఎలా తిప్పాలో ఓపిగ్గా నేర్పింది.

మర్నాడు కారు తెచ్చుకోవడానికి అతను బస్సెక్కి వెళ్ళాడు; వ్యాన్‌లో దింపుతానని బావ ఎంతో ఆప్యాయంగా అన్నాడు గానీ, ఆ ఆప్యాయత కన్నా బస్సే నయమనిపించింది.